తెలియనివాడికి అమ్మే రాత

ఇన్‌స్టాగ్రామ్ తెరిచి నాలుగు రీల్స్ చూస్తే ఐదోది ఇదే అవుతుంది. రెండు వందల రూపాయల లోపు ధర. వేల కొద్దీ ఈబుక్స్, వ్యాసాలు, ప్లానర్లు, సోషల్ మీడియా పోస్టులు. యూపీఐలో డబ్బు కొట్టగానే గూగుల్ డ్రైవ్ లింకు వస్తుంది. వాటి మీద మన పేరు వేసుకోవచ్చట, మన సైట్లో పెట్టుకోవచ్చట, మళ్లీ ఇంకొకరికి అమ్ముకోవచ్చట. విషయం తెలిసి ఉండనక్కర్లేదు, రాయడం రానక్కర్లేదు. జనాన్ని లాగేది ఈ చివరి మాటే. బీటెక్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాడికి, పిల్లలు బడికి వెళ్లాక కాస్త ఖాళీ దొరికే ఇల్లాలికి, రిటైరయ్యాక ఏదో ఒకటి చేద్దామనుకునే పెద్దాయనకి ఇంతకంటే తీపి కబురు ఏముంటుంది?

ఈ సరుకు పేరు ప్రైవేట్ లేబుల్ రైట్స్. వ్యాపారంలో ఉన్నవాళ్లు పొట్టిగా పీఎల్‌ఆర్ అంటారు. కొనడం నేరం కాదు. వాడటం కూడా దానంతటది అనైతికం కాదు. నా అభ్యంతరం వేరే ఉంది. విషయం తెలిసినవాడి చేతిలో పడితే తప్ప పనికిరాని వస్తువును విషయం తెలియనివాడికే వెతికి వెతికి అమ్ముతున్నారు. రాత చేతికొస్తుంది కానీ ఆ రాతకు పూచీ పడగలిగే జ్ఞానం రాదు. పేజీ మీద పేరు పడ్డాక పాఠకుడు అడిగేది ఆ పూచీనే.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక రచయిత చేత, ఈమధ్య చాలాసార్లు ఒక యంత్రం చేత, బరువు తగ్గడం గురించో పొదుపు గురించో పది వ్యాసాలు రాయిస్తారు. ఒకరి పేరు మీద వచ్చేదాన్ని ఇంకొకరు రాసిపెట్టే మామూలు ఘోస్ట్ రైటింగ్‌లో ఆ రాత ఒక్కరికే వెళ్తుంది, అందుకే ఖరీదు. ఇక్కడ అదే ఫైలు వందమందికో వెయ్యిమందికో వెళ్తుంది, అందుకే చౌక. దానితో పాటు లైసెన్స్ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఇస్తారు. మార్చుకోవచ్చా, రచయితగా పేరు వేసుకోవచ్చా, ఉచితంగా పంచవచ్చా, ఈ హక్కునే ఇంకొకరికి అమ్మవచ్చా అన్న ప్రశ్నలకు వరుసగా అవును, కాదు అని అందులో రాసి ఉంటుంది. అమ్మేవాణ్ని బట్టి ఈ జవాబులు మారతాయి. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముకోనిచ్చే రీసేల్ రైట్స్ వేరు, ఆ అమ్ముకునే హక్కును కూడా అమ్ముకోనిచ్చే మాస్టర్ రీసేల్ రైట్స్ వేరు. రీల్స్‌లో తిరిగే బండిల్స్‌లో ఇవన్నీ కలగాపులగంగా ఉంటాయి. లైసెన్స్ ఫైలు చాలావాటిలో ఉండనే ఉండదు. ఉన్నా దాన్ని తెరిచి చదివేవాళ్లు తక్కువ.

ఒకరు తయారుచేసిన దానిపై ఇంకొకరి పేరు వేయడం మనకు కొత్తేమీ కాదు. ఏటా జనవరి వచ్చేసరికి కిరాణా కొట్టు, బంగారం షాపు, ఎరువుల దుకాణం తలా ఒక క్యాలెండర్ ఇస్తాయి. అన్నిట్లోనూ అచ్చుగుద్దినట్టు అవే తిథులు, అదే రాహుకాలం. చాలావరకు శివకాశిలో అచ్చయి వస్తాయి, అడుగున కొట్టు పేరు ఒక్కటే మారుతుంది. ఇందులో మోసం లేదు. తిథి గుణించింది తానేనని కొట్టాయన అనడు, మనమూ అనుకోం. ఏకాదశి ఒకరోజు అటూ ఇటూ అయితే వెళ్లి ఆయన్ని నిలదీయం. పీఎల్‌ఆర్ వ్యాసంలో మాత్రం కొన్నవాడి పేరు అడుగున పడదు. రచయిత అన్న చోట పడుతుంది, పక్కన ఫొటోతో సహా.

దూరం ఉన్నంత కాలం

టోకున రాయించి చిల్లరగా పేర్లు వేసే పని ఇంటర్నెట్‌తో పుట్టలేదు. 1861లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో బారబూ అనే చిన్న ఊళ్లో ఏన్సెల్ నాష్ కెలాగ్ అనే ఆయన ఒక వారపత్రిక నడిపేవాడు. అంతర్యుద్ధం మొదలై అచ్చుపని చేసేవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోయారు. మొత్తం పత్రికను కూర్చే చేతులు లేవు. రాజధాని మ్యాడిసన్‌లోని దినపత్రిక దగ్గర ఒకవైపు వార్తలు అచ్చయిన కాగితాలు తెప్పించుకుని, రెండోవైపు తన ఊరి కబుర్లు వేసుకున్నాడు. యుద్ధం అయ్యాక ఆయన షికాగో వెళ్లి అదే వ్యాపారంగా పెట్టాడు. సగం అచ్చయిన కాగితాలు రైల్లో ఊరూరికీ వెళ్లేవి. వాటిలో కథలు, వంటలు, వ్యవసాయ సలహాలు, దేశవిదేశాల విశేషాలు ఉండేవి. మిగిలిన ఖాళీలో స్థానిక సంపాదకుడు పెళ్లిళ్లు, చావులు, సంత ధరలు నింపేవాడు. తర్వాత ఈ రంగంలో పెద్ద సంస్థగా ఎదిగిన వెస్టర్న్ న్యూస్‌పేపర్ యూనియన్ 1952 దాకా ఈ కాగితాలు పంపుతూనే ఉంది. అంటే దాదాపు తొంభై ఏళ్లు.

అంతకాలం ఎందుకు నడిచింది? రాత గొప్పదని కాదు. బారబూలో పత్రిక చదివేవాడి చేతికి పక్క జిల్లా పత్రిక రాదు కాబట్టి. ఒకే వంటకం మూడు వందల పత్రికల్లో వచ్చినా ఏ ఇంట్లోనూ రెండోసారి కనపడదు. ప్రతి ఊరికీ అది కొత్తే. కొన్న రాత విలువంతా ఆ దూరంలో ఉంది. పైగా అదే కాగితం రెండోవైపు, ఊళ్లో నిలబడి ఆ ఊరి సంగతులు రాసిన మనిషి ఉన్నాడు. చందా కట్టినవాళ్లు కట్టింది ఆ రెండోవైపు కోసమే అని నేననుకుంటాను.

సెర్చ్ ఇంజిన్ చేసిన పని ఆ దూరాన్ని చెరిపేయడం. వెయ్యిమంది కొన్న ఒకే వ్యాసం వెయ్యి సైట్లలో ఉంటే ఒకే ప్రశ్నకు ఆ వెయ్యీ ఒకే బల్ల మీదికి వచ్చి పడతాయి. అప్పుడు గూగుల్ వాటిలో ఒకదాన్ని అసలు ప్రతిగా ఎంచుకుని మిగిలినవాటిని పక్కన పెడుతుంది. ఇక్కడ చాలామంది బ్లాగర్లలో ఒక అపోహ ఉంది, నకలు కంటెంట్ పెడితే గూగుల్ శిక్షిస్తుందని. మామూలు నకలుకు అలాంటి ప్రత్యేక శిక్ష ఏదీ లేదని గూగుల్ 2008లోనే చెప్పింది. శిక్ష లేకపోవడం ఊరట ఏమీ కాదు. సైటు నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ ఎదురుగా క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్ అని పడి ఉంటుంది. చూసి వెళ్లాం, అవసరం లేదనుకున్నాం అని దాని సారాంశం. పోట్లాడటానికి శిక్షంటూ ఉండాలి కదా. ఇక్కడ అదీ లేదు.

శిక్షలాంటిది పడ్డ సందర్భాలూ ఉన్నాయి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన సెర్చ్ ర్యాంకింగ్‌లో పాండా అనే మార్పు తెచ్చినప్పుడు అమెరికాలో దాదాపు 12 శాతం సెర్చ్‌ల ఫలితాలు తారుమారయ్యాయి. వేల వ్యాసాలు చవగ్గా రాయించి ప్రకటనల మీద బతికే సైట్ల ట్రాఫిక్ కుప్పకూలింది. అంతకు నెల ముందే ఆ కోవకు చెందిన డిమాండ్ మీడియా న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో అడుగుపెట్టి, మొదటి రోజే న్యూయార్క్ టైమ్స్ కంపెనీకి మించిన విలువ పలికింది. ఆ వైభవం నిలవలేదు. అదే ఏడాది జూన్‌లో అమెజాన్ కిండిల్ దుకాణంలో పీఎల్‌ఆర్ పుస్తకాలు చెత్తలా పేరుకుపోతున్నాయని రాయిటర్స్ రాసింది. ఒకే పుస్తకం, అట్టలు వేరు, రచయితల పేర్లు వేరు. తేడా లేని ప్రతులను ఏరి తీసేస్తామని అమెజాన్ చెప్పుకోవాల్సి వచ్చింది. 2023 సెప్టెంబర్ నాటికి సమస్య ఇంకో మెట్టెక్కింది. యంత్రాలు రాసే పుస్తకాల వరద చూసి, ఒకరు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదని అమెజాన్ హద్దు గీసింది. రోజుకు మూడు అన్నది కఠినమైన నియమంగా కనిపించే కాలంలో ఉన్నాం మనం.

తెలుగులోకి దిగితే

తెలుగు సైట్లు నడిపేవాళ్లకు ఇక్కడొక ఉపాయం తడుతుంది. పీఎల్‌ఆర్ సరుకు దాదాపు అంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆ వ్యాసాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి తెలుగు చేస్తే వెయ్యి కాపీల మధ్య అది ఒంటరిది అయిపోతుంది. నకలు రాతను పట్టే ప్లేజరిజం చెకర్‌లో పెడితే నూటికి నూరు శాతం యూనిక్ అని పచ్చరంగులో చూపిస్తుంది. బారబూ కాలంలో రైలు దూరం చేసిన పనిని ఇప్పుడు భాష చేసిపెడుతుంది. సైట్లలో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగుకు వచ్చింది. తెలుగు పేజీ మీద ప్రకటనలతో డబ్బు రావడం మొదలయ్యాక ఈ దారి పట్టినవాళ్లు తక్కువేం కాదు.

ఆ పేజీలు చదివి చూడండి. పొదుపు గురించి రాసిన వ్యాసం 401కే ఖాతాలో డబ్బు వేయమంటుంది. అది అమెరికాలో ఉద్యోగులకుండే పదవీ విరమణ పథకం. మన పాఠకుడికి ఉన్నది ఈపీఎఫ్, ఎన్‌పీఎస్. మంచి క్రెడిట్ స్కోరు కోసం 850 వైపు నడవమంటుంది, మన సిబిల్ కొలబద్ద 900 దాకా ఉంటుంది. పెరటి తోట వ్యాసమైతే టమాటా నారును ఆఖరి మంచు కురిసి వెళ్లాక నాటమంటుంది. గుంటూరులో మంచు కురిసేదెప్పుడు, ఆగేదెప్పుడు? కేకు వ్యాసం ఓవెన్‌ను 350 డిగ్రీలకు పెట్టమంటుంది, అవి ఫారెన్‌హీట్ డిగ్రీలని ఎక్కడా ఉండదు. మన ఓవెన్ మీదున్న సెల్సియస్ అంకెల్లో అది 177.

ఇవి నవ్వుకుని వదిలేయదగ్గవి. అన్నీ అలాంటివి కావు. మధుమేహం మీద బ్రిటన్‌లోనో కెనడాలోనో ఎవరో రాసిన వ్యాసంలో పరగడుపు షుగర్ 7 దాటితే జబ్బు ఉన్నట్టే అని ఉంటుంది. వాళ్లు కొలిచే పద్ధతిలో 7 అంటే మన ల్యాబ్ రిపోర్టులో 126. యూనిట్ తేల్చకుండా తెలుగు చేస్తే, రిపోర్టులో 140 చూసి వచ్చిన మనిషికి ఆ వాక్యం ఏం చెబుతుంది? అయోమయమైనా మిగులుస్తుంది, లేదా భయపెట్టి చంపుతుంది. గుండెనొప్పి లక్షణాల వ్యాసం చివర వెంటనే 911కు ఫోన్ చేయండి అని ఉంటుంది. మనకు 108 అన్నది చిన్నపిల్లలకూ తెలుసు, అందుకని ఎవరూ నిజంగా 911 నొక్కరు అనుకుందాం. కానీ ఆ ఒక్క వాక్యం ఒక సంగతి బయటపెడుతుంది. పైన పేరు వేసుకున్న మనిషి తన వ్యాసాన్ని చివరిదాకా చదవలేదు.

విషయం తెలిసినవాడికి ఈ తప్పులు దిద్దడం అరగంట పని. మధుమేహం చూసే డాక్టరు కంటికి ఆ 7 ముల్లులా తగులుతుంది. తోటపని చేసే మనిషి మంచు వాక్యాన్ని కొట్టేసి, నారు ఎప్పుడు పోయాలో తన పంటకాలాన్ని బట్టి రాస్తాడు. తెలియనివాడికి మాత్రం ఆ వాక్యాలన్నీ ఒకేలా కనిపిస్తాయి, శుభ్రంగా, నమ్మకంగా. ఏది దిద్దాలో తెలియాలంటే ముందు విషయం తెలియాలి. తెలిసి ఉండనక్కర్లేదనే కదా సరుకు అమ్మింది!

గూగుల్ కూడా ఈ సందును చూడకపోలేదు. 2024 మార్చిలో తన స్పామ్ నియమాలను తిరగరాసినప్పుడు స్కేల్డ్ కంటెంట్ అబ్యూజ్ అని ఒకటి చేర్చింది. పాఠకుడికి పెద్దగా పనికిరాని పేజీలను ర్యాంకుల కోసం గుట్టలుగా పోయడం తప్పు, వాటిని మనిషి రాశాడా యంత్రం రాసిందా అన్నది లెక్కలోకి రాదు అని దాని సారం. ఉన్న కంటెంట్‌ను తీసుకుని పర్యాయపదాలు మార్చడం, యాంత్రికంగా అనువదించడం అందులో ఉదాహరణలుగానే ఉన్నాయి. పర్యాయపదాలు మార్చే పనికి బ్లాగర్ల భాషలో స్పిన్నింగ్ అని పేరు. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒక పేరా చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది. యాడ్‌సెన్స్‌కు దరఖాస్తు పెట్టినవాళ్లకు లో వాల్యూ కంటెంట్ అని తిరస్కరణ మెయిల్ రావడం, ఆ సంగతి యూట్యూబర్ల వీడియోల కింద కామెంట్లలో పెట్టి ఏం చేయాలని అడగడం తెలుగులోనూ మామూలైపోయింది. థీమ్ మార్చండి, ప్రైవసీ పాలసీ పేజీ పెట్టండి అని సలహాలిస్తారు. వ్యాసాలు మీరే రాశారా అని అడిగేవాళ్లు అరుదు.

ఎవరి పేరు, ఎవరి పరువు

పెద్ద పత్రికలు కూడా రాతలు కొంటాయి. మన దినపత్రికల్లో పీటీఐ అనే వార్తా ఏజెన్సీ కథనాలు రోజూ వస్తాయి, అదే వార్త పది పత్రికల్లో దాదాపు అవే మాటలతో ఉంటుంది. ఎవరూ తప్పు పట్టరు. వార్త మొదట్లోనో చివర్లోనో ఏజెన్సీ పేరు ఉంటుంది, తప్పు జరిగితే సవరణ పంపే న్యూస్‌రూమ్ ఆ పేరు వెనక ఉంటుంది. కొన్న రాతతో పాటు పూచీ కూడా కొన్నట్టే. ఆ రెండోది తెగిపోయిన చోట ఏమవుతుందో చూపించడానికి ఈమధ్య రెండు సందర్భాలు దొరికాయి.

మొదటిది 2023 నవంబర్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్‌ది. ఆ సైట్లో వస్తువుల సమీక్షలు రాస్తున్న కొందరు రచయితలు అసలు లేరని, వాళ్ల ఫొటోలు యంత్రం తయారుచేసిన ముఖాలు అమ్మే చోట దొరుకుతున్నాయని ఫ్యూచరిజం అనే వెబ్ పత్రిక బయటపెట్టింది. ఆ సమీక్షలు తాము రాయించినవి కావని, ఆడ్‌వాన్ కామర్స్ అనే బయటి సంస్థ ఇచ్చినవని యాజమాన్యం చెప్పింది. వ్యాసాలు మనుషులే రాశారని, పేర్లు మాత్రం మారుపేర్లని ఆ సంస్థ వాదించినట్టు కూడా చెప్పింది. అనుకుందాం. అప్పుడైనా పాఠకుడు చూసిన ముఖం, పేరు, ఆ పేరు కింద రాసిన జీవిత పరిచయం అన్నీ కల్పితమే కదా. 1954 నుంచి వస్తున్న పత్రిక అది. ఆ రోజు నవ్వులపాలైన పేరు సరుకు ఇచ్చిన సంస్థది కాదు.

రెండోది ఇంకా ముచ్చటైనది. 2025 మే 18న షికాగో సన్ టైమ్స్ ఆదివారం సంచికతో వేసవి అనుబంధం ఒకటి వచ్చింది. అందులో సెలవుల్లో చదవదగ్గ 15 పుస్తకాల జాబితా ఉంది. నిజంగా ఉన్నవి ఐదు. మిగతా పదీ ఎవరూ రాయని పుస్తకాలు, ఇసబెల్ అయెండే లాంటి పేరున్న రచయితలకు అంటగట్టినవి. అనుబంధం హర్‌స్ట్ గ్రూపులోని కింగ్ ఫీచర్స్ నుంచి కొన్నది, తయారుచేసిన ఫ్రీలాన్సర్ ఏఐని అడిగి సరిచూసుకోకుండా పంపాడు. మా న్యూస్‌రూమ్ రాసింది కాదు, మేము చూసి వేసిందీ కాదు అని పత్రిక వివరణ ఇచ్చింది. రెండో సగం విన్నారా? దాన్ని సమర్థనగా చెప్పారు గానీ, అసలు నేరం అదే. అదే అనుబంధం ఫిలడెల్ఫియా ఇంక్వైరర్‌లోనూ వచ్చింది. ఆ పుస్తకాల కోసం వెతికి అలసిన పాఠకుల్లో కింగ్ ఫీచర్స్ పేరు ముందుగా తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్లు తిట్టింది రోజూ ఇంటికొచ్చే పత్రికనే.

ఆ స్థాయి సంస్థలకే ఇది జరిగితే రెండు వందల రూపాయల బండిల్‌తో సైటు మొదలుపెట్టిన మనిషి సంగతి చెప్పాలా? ఒక్క తేడా ఉంది. సన్ టైమ్స్‌కు నష్టపోవడానికి ఏళ్ల తరబడి పోగేసిన పరువు ఉంది, దాన్ని మళ్లీ కూడబెట్టుకోవడానికి విలేఖరులు ఉన్నారు. కొత్త సైటుకు మొదటి పది వ్యాసాలే పరువు.

హక్కు అమ్మాడు, అతనికి ఉందా?

చట్టం వైపు ఒకటి రెండు సంగతులు చూడాలి, ఎందుకంటే ఈ వ్యాపారం తలుపు మీదే రైట్స్ అన్న మాట ఉంది. పీఎల్‌ఆర్ అమెరికా వాతావరణంలో పెరిగింది. అక్కడ డబ్బు తీసుకుని రాసిచ్చినవాడు పేరు మీద హక్కు వదులుకోవడం పెద్ద సమస్య కాదు. మన 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ వేరేగా ఉంది. కాపీరైట్ మొత్తంగా రాసిచ్చేసినా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటాయి. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడ మీద నుంచి తన కంచు కుడ్యశిల్పాన్ని పీకేసి పాడుచేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేంద్ర ప్రభుత్వం మీద వేసిన కేసులో 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ హక్కు మీదే తీర్పిచ్చింది. శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇమ్మంది, ఐదు లక్షల పరిహారం ఇప్పించింది. పీఎల్‌ఆర్ రాసిన ఫ్రీలాన్సర్ ఎవరో రేపు సెక్షన్ 57 పట్టుకుని వస్తాడని నేను అనడం లేదు, అది జరిగే పని కాదు. కానీ ఇక్కడ పేరు వేసుకోవచ్చు అన్న ఒక్క లైను టెక్స్ట్ ఫైలుతో అన్నీ తేలిపోయాయనుకోవడం అమాయకత్వం.

ఇంకా మామూలుగా ఎదురయ్యే చిక్కు కాగితం. మన చట్టం ప్రకారం లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టమే అనుకుంటుంది. రీల్ కింద ఉన్న లైఫ్‌టైమ్ యాక్సెస్ అన్న మాట డ్రైవ్ లింకు గురించి చెబుతుంది, కాపీరైట్ గడువు గురించి కాదు. ఇక డ్రైవ్‌లో పడున్న ఫైళ్లలో కొన్ని ఏ పేరున్న రచయిత పుస్తకానికో స్కాన్ కాపీలైతే, ఏ ఫొటోగ్రాఫర్ చిత్రాలో అనుమతి లేకుండా దూర్చినవైతే, హక్కులున్నాయని అమ్మినవాడు చెప్పాడండీ అన్న జవాబు కోర్టు నుంచి తొలగింపు ఉత్తర్వు రాకుండా ఆపదు. అమ్మినవాడి పేరు, ఊరు కూడా మనకు తెలియదు. తెలిసింది ఒక యూపీఐ ఐడీ.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక ఇందులో ఒక వింత చేరింది. పీఎల్‌ఆర్ అమ్మేవాళ్లలో చాలామంది రచయితలను మానేసి యంత్రం చేత రాయిస్తున్నారు. మనిషి సృజన లేకుండా పూర్తిగా యంత్రం తయారుచేసిన రచనకు కాపీరైట్ లేదని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023 మార్చిలో స్పష్టం చేసింది. మనిషే రచయిత కావాలని అక్కడి అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో ఖాయం చేసింది. అంటే పూర్తిగా యంత్రం చేత రాయించి అమెరికా దుకాణం మనకు అమ్ముతున్న ప్రైవేట్ లేబుల్ హక్కులో లేబుల్ ఉంది గానీ హక్కు లేదు. ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగిన దానికి లైసెన్స్ రుసుం కడుతున్నాం. మన చట్టంలో కంప్యూటర్ తయారుచేసిన రచనకు, దాన్ని తయారు చేయించిన మనిషే రచయిత అని 1994 నాటి సవరణ ఒకటుంది. ఏఐ కాలానికి దాన్ని ఎలా అన్వయించాలో ఇంకా తేలలేదు. ఈ గొడవంతా పక్కన పెట్టి డబ్బు లెక్కే చూసినా అర్థం లేదు. అదే నాణ్యత ఉన్న వ్యాసాన్ని ఫోన్లో పావుగంటలో ఎవరైనా రాయించుకోగలిగినప్పుడు, వెయ్యిమందికి అమ్మిన ఫైలును ఎందుకు కొనాలి?

పనికొచ్చేది ఎవరికి

అయినా దీనికి సరైన గిరాకీ ఉంది. విజయవాడలో ఒక దంతవైద్యురాలు ఉన్నారనుకుందాం. రూట్ కెనాల్ అంటే ఏమిటి, పన్ను పీకాక ఏం తినాలి, పిల్లలకు బ్రష్ చేయడం ఎలా అని ఆమె రోజూ అవే జవాబులు చెబుతుంటారు. సైట్లో పెట్టుకోవడానికి కూర్చుని రాసే తీరిక ఉండదు. అమెరికాలో డెంటిస్టులకు, అకౌంటెంట్లకు ఇలా సిద్ధంగా రాసిన వ్యాసాలు అమ్మే సంస్థలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆమె అలాంటి వ్యాసం కొని, రెండు తప్పులు దిద్ది, తన క్లినిక్‌లో ఎన్ని సిట్టింగులు పడతాయో, ఎంతవుతుందో చేర్చి పెడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. వాక్యాలు కొన్నవి, పూచీ ఆమెది. రోగికి తేడా వస్తే వెళ్లి అడగడానికి క్లినిక్ ఉంది. ఆ పేజీ గూగుల్‌లో మొదటి స్థానానికి రాకపోవచ్చు, ఆమెకు అక్కర్లేదు కూడా. వాట్సాప్‌లో పేషంట్లకు లింకు పంపుకుంటే చాలు.

చార్టర్డ్ అకౌంటెంటుకు, యోగా నేర్పేవారికి, ట్యూషన్ చెప్పే మాస్టారికి కూడా అంతే. వ్యాసాల కంటే ఖాళీ ఫారాలు, చెక్‌లిస్టులు, నెల ఖర్చుల పట్టికలు వంటివి ఇంకా మేలు. వాటిలో నింపేది వాడేవాడే కాబట్టి ఎవరు తయారుచేశారన్నది ఎవరికీ పట్టదు. ఈ కోవలో పనికొచ్చే పీఎల్‌ఆర్ నిజంగా ఉంది. దురదృష్టం ఏమిటంటే ఈ డాక్టరునో మాస్టారునో ఉద్దేశించి ప్రకటనలు రావు. వాళ్లు పదివేల ఫైళ్లు కొనరు, ఒకటో రెండో కొంటారు.

మిగిలినవాళ్లు, అంటే ఏదైనా సైటు పెట్టి ప్రకటనల మీద సంపాదిద్దామనుకునేవాళ్లు, తమకు తెలిసిందేమిటని ఒకసారి చూసుకోవాలి. తెలుగువాళ్లు ఫోన్లో వెతికేవాటిలో చాలావాటికి ఇంగ్లిష్ బండిల్‌లో జవాబు ఉండదు. తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్‌లో వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాస్‌బుక్‌లో విస్తీర్ణం తప్పు పడితే ఇప్పుడు ఎవరికి దరఖాస్తు పెట్టాలి, ఏ కాగితాలు జతచేయాలి, ఎక్కడ ఆగిపోతుంది? ఆంధ్రలో మీభూమిలో అడంగల్‌కు, 1బీకి తేడా ఏమిటి, బ్యాంకు ఏది అడుగుతుంది? ఇంటర్ సప్లిమెంటరీ ఫీజు గడువు దాటితే ఏం చేయాలి? అమెరికాలో ఉన్న కొడుకు ఊళ్లో పొలం అమ్మడానికి పవర్ ఆఫ్ అటార్నీ ఎలా పంపాలి? ఈ చివరి ప్రశ్నకు డల్లాస్‌లో ఉన్నవాడూ వెతుకుతాడు, తెనాలిలో ఉన్న తండ్రీ వెతుకుతాడు. ఇప్పుడు ఆ సెర్చ్‌లలో పాత స్క్రీన్‌షాట్లతో ఉన్న పేజీలు, ఒకదాన్ని చూసి ఒకటి రాసిన పేజీలు తగులుతుంటాయి. మీసేవ కేంద్రం నడిపే మనిషికి, రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజులు రాసే లేఖరికి ఈ జవాబులు నోటికి వచ్చు. రాయమంటే వాళ్లు భాష బాగోదేమోనని వెనకాడతారు. వాళ్ల దగ్గర కూర్చుని వినడానికి ఒక మధ్యాహ్నం, మారిన నియమాన్ని మళ్లీ అడిగి దిద్దడానికి నెలకొక ఫోన్ కాల్ పెట్టుకోగలిగినవాడికి ఆ ర్యాంకులు ఖాళీగానే ఉన్నాయి.